రిసార్టు వద్దనుకుని పరడోర్లలో దిగాం: ప్యూర్టో రికో చుట్టూ ఇద్దరం

బుధవారం, శాన్ హువాన్

కరీబియన్ సముద్రంలో అమెరికా కింద ఉన్న దీవి ప్యూర్టో రికో వెళ్తున్నాం అనగానే అందరూ అడిగింది ఒకటే, ఏ రిసార్టు బుక్ చేశారని. ఏదీ చెయ్యలేదు. రాజధాని శాన్ హువాన్‌లో ఒక్క రాత్రి ఉండి, మిగతా అంతా పరడోర్లలోనే ఉందామని ముందే గట్టిగా అనుకున్నాం. పరడోర్ అంటే రాజధానికి దూరంగా, చిన్న ఊళ్లలో ఎక్కువగా కుటుంబాలే నడుపుకునే హోటల్. స్టార్ హోటల్ హంగులు ఉండవు, కానీ శుభ్రమైన గది, పొద్దున్నే కాఫీ, దారి అడిగితే కాగితం మీద గీసి చూపించే మనిషి ఉంటారు. వచ్చినవాళ్లంతా శాన్ హువాన్ బీచ్ దగ్గరే ఆగిపోకుండా లోపలికి కూడా రావాలని అక్కడి టూరిజం కంపెనీ 1973లో ఈ పరడోర్ల పథకం మొదలుపెట్టింది. గది మీద పన్ను కూడా తక్కువే, క్యాసినో ఉన్న హోటల్‌కి 11 శాతం అయితే పరడోర్‌కి 7.

అమెరికా నుంచి వెళ్లేవాళ్లకి ఇది డొమెస్టిక్ ఫ్లైట్. డబ్బు కూడా డాలరే, ఇమిగ్రేషన్ లైనూ ఉండదు, అయినా వీసా మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్ట్, వీసా కాగితాలు వెంట పెట్టుకోవడం మంచిది, ఎవరైనా అడిగితే టెన్షన్ ఉండదు. మేము బయలుదేరిన చోట మోకాలి లోతు మంచు, ఇక్కడ దిగేసరికి స్వెటర్ విప్పి నడుముకి కట్టుకోవాల్సి వచ్చింది.

పాత ఊరు గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 1539లో స్పెయిన్ వాళ్లు కట్టడం మొదలుపెట్టిన ఎల్ మొర్రో కోట, దాని ముందు పెద్ద పచ్చిక మైదానం, అక్కడ గాలిపటాలు ఎగరేసే పిల్లలు, పిల్లలకంటే ఎక్కువగా ఎగరేసే నాన్నలు. వీధుల్లో పరిచిన రాళ్లు నీలంగా మెరుస్తుంటాయి, అవి నిజానికి కొండరాళ్లు కావు, ఇనుము కరిగించే కొలిమిలో మిగిలిన చిట్టెంతో పోత పోసినవి, వాన పడితే ఆ నీలం ఇంకా తేలుతుంది, అడుగూ జారుతుంది. సాయంత్రం క్రూయిజ్ ఓడలోంచి జనం దిగాక ఆ సందుల్లో నడవడం కష్టమైపోయింది. ఒక్క రాత్రి చాలనుకున్నది సరైన లెక్కే అనిపించింది.

గురువారం, ఎల్ యుంకే

పొద్దున్నే కారు తీసుకుని తూర్పుకి బయలుదేరాం. ఇక్కడ డ్రైవింగ్‌లో తమాషా ఏమిటంటే దూరం బోర్డులు కిలోమీటర్లలో, స్పీడ్ లిమిట్ మైళ్లలో, పెట్రోలు లీటర్లలో. మా ఆయన మొదటి అరగంట లెక్కలు కట్టుకుంటూ నడిపి, తర్వాత "ముందున్న బండి ఎంతలో పోతే మనమూ అంతే" అని తేల్చేశాడు.

అమెరికా నేషనల్ ఫారెస్టులన్నిట్లో ఉష్ణమండల వర్షారణ్యం ఈ ఎల్ యుంకే ఒక్కటే. పై శిఖరాల మీద ఏడాదికి 200 అంగుళాలు దాటి వాన పడుతుంది, అందుకని రెయిన్‌కోటు ఉందా లేదా అని ఆలోచించడం దండగ, ఎలాగూ తడుస్తాం. లా కోకా జలపాతం రోడ్డు పక్కనే ఉంటుంది, 85 అడుగులు, కారు దిగకుండానే కనిపిస్తుంది కాబట్టి అక్కడ ఎప్పుడూ జనమే. అక్కడ ఫోటో దిగి వెనక్కి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. మీరు మాత్రం పైకి వెళ్లి మౌంట్ బ్రిటన్ టవర్ దారి పట్టండి. మొదట తాటి జాతి చెట్ల మధ్య నుంచి నడుస్తాం, పైకి వెళ్లే కొద్దీ చెట్లు పొట్టివైపోతాయి, కొమ్మలు మెలికలు తిరిగి వాటి మీదంతా నాచు, గాలికీ తడికీ ఎదగలేక అలా గిడసబారిపోయిన అడవి అది. 1930లలో కట్టిన ఆ రాతి టవర్ ఎక్కేసరికి చుట్టూ తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. ఇంత దూరం వచ్చి ఏం చూశామని మా ఆయన నా వైపు చూశాడు. పది నిమిషాలు ఆగమన్నాను. ఒక్కసారి గాలి వీచి మబ్బు పక్కకి తొలిగితే కింద అడవి, దాని చివర సముద్రం, అంతా అర నిమిషం కనిపించి మళ్లీ మూసుకుపోయింది.

2017 సెప్టెంబర్ 20న వచ్చిన మరియా తుఫాను ఈ అడవి మొత్తాన్ని ఆకు లేకుండా ఊడ్చేసింది. ఇప్పుడు చూస్తే పచ్చగానే ఉంది కానీ కాస్త పరీక్షగా చూస్తే తల విరిగిన పెద్ద మానులు, వాటి పక్కన వెలుతురు దొరికి ఎగబాకిన కొత్త చెట్లు తెలుస్తాయి. ఇక్కడి ప్యూర్టో రికో చిలకలు 1975 నాటికి అడవిలో 13 మాత్రమే మిగిలాయి, అప్పటి నుంచి బోనుల్లో పెంచి వదులుతూ వస్తున్నారు. మాకు ఒక్కటీ కనపడలేదు.

రాత్రి దిగింది కొండ కింద ఒక చిన్న సత్రంలో. చీకటి పడగానే మొదలైంది గోల. కో-కీ, కో-కీ అని ఒకటి, దానికి పోటీగా ఇంకొకటి, కాసేపటికి వందల సంఖ్యలో. బొటనవేలంత ఉండే కప్ప అది, దగ్గర నుంచి వింటే 90 డెసిబెల్స్ దాకా ఉంటుంది ఆ అరుపు. అరిచేది మగదే. మొదటి సగం పక్క మగకప్పలకి ఇది నా జాగా అని చెప్పడానికి, రెండో సగం ఆడకప్పని పిలవడానికి. మా బాత్రూం కిటికీ అంచున ఒకటి కూర్చుని ఉంది, గోధుమ రంగు, వేళ్ల చివర చిన్న చిన్న గుండ్రటి దిండ్లు, అరిచే ముందు గొంతు బుడగలా ఉబ్బుతోంది, ఆ ఉబ్బు మొత్తం కప్పంత అవుతోంది. సెల్‌ఫోన్ లైటు వెయ్యగానే ఆగి, తీయగానే మళ్లీ మొదలు. ఈ కప్పకి తోకకప్ప దశే లేదట, గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్ప బయటికి వస్తుంది, అందుకే చెరువు అక్కర్లేదు, తడి ఆకు చాలు, గుడ్లకి కాపలా కాసేది కూడా తండ్రే. పొద్దున సత్రం పెద్దావిడ "రాత్రి నిద్ర పట్టిందా" అని అడిగి మా మొహాలు చూసి తనే నవ్వేసింది. ఇదే కప్ప హవాయి చేరితే అక్కడివాళ్లకి పెద్ద బెడద అయిపోయింది, ఇక్కడివాళ్లకేమో ఇది లేకపోతే నిద్ర రాదు.

శుక్రవారం, అరెసీబో నుంచి ఉతువాడో కొండలకి

తూర్పు నుంచి ఉత్తర తీరం వెంట పడమటికి పోతుంటే, అరెసీబో దగ్గరపడే కొద్దీ బోర్లించిన ఇడ్లీల్లా గుండ్రటి పచ్చటి గుట్టలు రెండు వైపులా మొదలవుతాయి. అంతా సున్నపురాయి. వాన నీళ్లు ఆ రాయిని కరిగించుకుంటూ పోయి కింద గుహలు తవ్వాయి, గట్టిగా ఉన్నచోట గుట్టలు మిగిల్చాయి, పైకప్పు కూలిన చోట పెద్ద గుంతలు చేశాయి. కాముయ్ నది అయితే ఇక్కడే కొంత దూరం నేల కింద నుంచే ప్రవహిస్తుంది.

మేము చూసింది వెంటానా గుహ. పెట్రోలు బంకు పక్క నుంచి దారి, ఇంత పేరున్న చోటికి దారి ఇదేనా అనిపిస్తుంది. హెల్మెట్, టార్చి ఇచ్చి గైడ్ తీసుకెళ్తారు. ముందు ఒక చిన్న గుహ, అందులో తల మీద గబ్బిలాలు, కింద వాటి రెట్ట వాసన, ఎవరో ఒక పిల్లాడు ముక్కు మూసుకుని "అమ్మా ఇంకెంత సేపు" అని స్పానిష్‌లోనే అన్నా నాకు పూర్తిగా అర్థమైంది. తర్వాత పెద్ద గుహ. చీకట్లో తడుముకుంటూ మెట్లు దిగి మలుపు తిరిగితే ఎదురుగా గుహ నోరు, అందులో అమర్చినట్టు రియో గ్రాండే దె అరెసీబో నది లోయ మొత్తం. గుహ గోడ మీద నుంచి సున్నపు ఊడలు వేలాడుతూ ఉంటే వాటి మధ్య నుంచి అంత కింద పొలాలు, నది, బొమ్మల్లా పోయే కార్లు. అక్కడ పిట్టగోడ, కంచె లాంటివి పెద్దగా లేవు. సెల్ఫీ కోసం అంచుకి వెళ్లేవాళ్లని గైడ్ చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతోంది, ఆవిడ ఓపికకి దండం.

మా ఆయన అసలు ఆశ ఈ చుట్టుపక్కల ఉన్న అరెసీబో రేడియో టెలిస్కోపు. 1963లో కట్టారు, 305 మీటర్ల డిష్షు, దాన్ని నిలబెట్టడానికి పెద్ద గొయ్యి తవ్వక్కర్లేకుండా ఈ సున్నపురాతి గుంతల్లో ఒకదాన్ని చూసి అందులో పరిచేశారు. 1974లో దీంతోనే, ఇంకో నక్షత్రంతో కలిసి తిరుగుతూ లయగా రేడియో సంకేతాలు పంపే నక్షత్రం, అంటే జంట పల్సార్‌ని కనిపెట్టిన ఇద్దరికి తర్వాత నోబెల్ కూడా వచ్చింది. 2020 డిసెంబర్ 1న కేబుళ్లు తెగి, పైన వేలాడే 900 టన్నుల ప్లాట్‌ఫామ్ ఆ డిష్షు మీదే కూలిపోయింది. "మనం ఇంకాస్త ముందే రావాల్సింది" అని ఆ రోజు నాలుగైదు సార్లు అన్నాడు, నేను ఊఁ కొట్టాను.

సాయంత్రానికి ఉతువాడో పైన కొండల్లో పాత కాఫీ తోట ఇల్లు. చెక్క వరండా, ఎత్తు కప్పు, గదిలో ఏసీ లేదు, అక్కర్లేదు కూడా, రాత్రికి దుప్పటి కప్పుకోవాల్సి వచ్చింది. ఇదే దీవిలో పొద్దున సముద్రం పక్కన చెమటలు కక్కామంటే నమ్మబుద్ధి కాలేదు. భోంచేస్తుంటే కరెంటు పోయింది. ఇక్కడ అది మామూలే, మరియా తర్వాత ఈ కొండల్లో కొన్ని ఇళ్లకి కరెంటు రావడానికి దాదాపు ఏడాది పట్టింది. ఎవరూ కంగారు పడలేదు. వంటింట్లోంచి ఒకాయన తలకి లైటు కట్టుకుని వచ్చి మా పళ్లెంలో అన్నం వడ్డించాడు. ఆ అన్నం పచ్చి కందిగింజలు వేసి వండినది, ఇక్కడ పండగకైనా మామూలు రోజుకైనా అదే. పక్కన తొస్తోనెస్, అంటే పచ్చి అరటికాయ ముక్కలు ఒకసారి వేయించి, అణగ్గొట్టి, మళ్లీ వేయించినవి. మాంసం విషయంలో మాత్రం అడిగి తినండి, చాలా వంటల్లో పంది మాంసం ఉంటుంది, కందిగింజల అన్నంలో కూడా రుచికి వేస్తారు, ముందే చెప్తే విడిగా చేసి పెడతారు.

పొద్దున ఆ ఇంటివాళ్లు తోట చూపించారు. తుఫాను ఇక్కడి కాఫీ మొక్కల్లో చాలా భాగాన్ని పీకి పారేసింది, కొత్తగా నాటితే కాపుకి మూడు నాలుగేళ్లు ఆగాలి, కోయడానికి మనుషులు దొరకరు. అయినా కాఫీ మాత్రం చిక్కగా, చేదు తక్కువగా, ఇంత బాగుంటుందని అనుకోలేదు. రెండు ప్యాకెట్లు కొన్నాం.

శనివారం, కగ్వానా, పోన్సే, లా పర్గెరా

ఉతువాడో దగ్గరే కగ్వానా ఉంది. కొలంబస్ రాకముందు ఇక్కడ ఉన్న తైనో జనం బంతి ఆట ఆడుకుని, పూజలూ పండగలూ చేసుకున్న మైదానాలు. 1915లో తవ్వకాలు జరిగాయి. చూడ్డానికి గడ్డి మైదానం, అంచుల్లో నిలబెట్టిన రాళ్లు, అంతే, తొందరలో ఉన్నవాళ్లు పది నిమిషాల్లో చూసేసి వెళ్లిపోతారు. ఆ రాళ్ల మీద బొమ్మలు పొద్దుటి ఏటవాలు ఎండలోనే బాగా తేలతాయి. ఒకదాని మీద ఒక స్త్రీ, చెవులకి పెద్ద పోగులు, కాళ్లు మాత్రం అచ్చం కప్ప కాళ్లలా మడిచి. రెండు రాత్రులు కప్పల మధ్య పడుకున్నాక ఆ చెక్కినవాడి బాధ నాకు బాగానే అర్థమైంది.

అక్కడి నుంచి అడ్జుంతాస్ మీదుగా దక్షిణానికి దిగాం. పోన్సేలో ఎరుపు నలుపు పట్టీల పాత ఫైర్ స్టేషన్, 1882లో ఎగ్జిబిషన్ కోసం కట్టిన చెక్క భవనం, ఇప్పుడు మ్యూజియం. ఫోటో, ఐస్‌క్రీమ్, బయలుదేరాం.

లా పర్గెరా చేరేసరికి శనివారం రాత్రి. తీరం వెంట దీవి జనమంతా అక్కడే ఉన్నట్టున్నారు, పాటలు, పకోడీల్లాంటి వేపుళ్లు, పిల్లలు. మా పరడోర్ బాల్కనీ కింద నుంచే సముద్రం, అవతల మడ చెట్ల దీవులు, నీళ్ల మీద స్తంభాలేసి కట్టిన ఇళ్లు. బాగుంది కానీ రాత్రి ఒంటిగంట దాకా సంగీతం ఆగలేదు. వీలైతే ఇక్కడ వారం మధ్యలో దిగండి.

ఆదివారం, కాబో రోహో, రాత్రికి వెలుగు నీళ్లు

నైరుతి మూల చివరికంటా వెళ్లాం. దారిలో ఉప్పు మళ్లు, వందల ఏళ్లుగా ఇక్కడ ఉప్పు తీస్తున్నారు. నీళ్లు గులాబి రంగు, ఉప్పు ఎక్కువైన నీళ్లలో బతికే సూక్ష్మజీవుల రంగు అది, ఎండ నడినెత్తికి వచ్చాక మరీ ఎక్కువగా కనిపిస్తుంది. రోడ్డు అక్కడి నుంచి గుంతలమయం, కారు పక్కన పెట్టి నడిచాం. 1882 నాటి లైట్‌హౌస్, దాని వెనక సున్నపురాతి కొండ నిట్టనిలువుగా సముద్రంలోకి. గాలికి నా టోపీ పోయింది. పక్కనే ఉన్న బీచ్ అర్ధచంద్రాకారంలో చక్కగా ఉంది, కాకపోతే ఆదివారం కాబట్టి ఐస్ పెట్టెలతో సహా కుటుంబాలన్నీ అక్కడే.

ఇక రాత్రి సంగతి. కదిలిస్తే వెలిగే సముద్రపు నీళ్లు ఈ దీవికి మూడు చోట్ల ఉన్నాయి, తూర్పున పక్కనే ఉన్న చిన్న దీవి వియేకెస్‌లో, ఫహార్దోలో, ఇక్కడ. అన్నిట్లోకీ ఎక్కువ వెలిగేది వియేకెస్‌లోని మస్కీటో బే, అందులో సందేహం లేదు, గిన్నిస్ రికార్డు కూడా దానిదే. కానీ అక్కడా ఫహార్దోలోనూ నీళ్లలో దిగనివ్వరు. లా పర్గెరాలో దిగొచ్చు. ఊళ్లో దీపాల వల్ల, పడవల రద్దీ వల్ల ఇక్కడ వెలుగు తగ్గిందని అందరూ ఒప్పుకునేదే, అయినా దూరం నుంచి ఎక్కువ వెలుగు చూడ్డం కంటే తక్కువ వెలుగులో మునగడమే నయమని నా వాదన. దీనికోసమే మా ప్రయాణం మొత్తం అమావాస్య చూసుకుని పెట్టుకున్నాం. వెన్నెల రాత్రి టికెట్లు అమ్ముతారు, కొనకండి.

పడవ మడ చెట్ల మధ్య నుంచి పోయి మలుపులో ఆగింది. ఇంజన్ ఆపి లైట్లన్నీ తీసేశారు. మొదట ఏమీ లేదు. అంచున కూర్చుని చెయ్యి ముంచితే వేళ్ల మధ్య నుంచి నీలం ఆకుపచ్చ కలిసిన నిప్పురవ్వలు. చెయ్యి ఆపితే ఆరిపోయాయి, కదిపితే మళ్లీ. నీళ్లు దోసిట్లోకి తీసి మోచేతి దాకా జారనిస్తే చుక్క చుక్కా విడిగా వెలిగి ఆరింది. కంటికి కనిపించనంత చిన్న జీవులు, పైరోడినియం బహామెన్సే అని పేరు, ఒక్కొక్కటీ ఒక్క కణం, ఎవరైనా తాకితే బెదిరి మెరుస్తాయి. చుట్టూ ఉన్న మడ చెట్ల ఆకులు రాలి కుళ్లడం వల్ల వీటికి తిండి, బయటి సముద్రానికి దారి ఇరుకు కాబట్టి ఇవి అలలకి కొట్టుకుపోవు. అందుకే మడ అడవి కొట్టేస్తే ఈ వెలుగూ పోతుంది. దిగే ముందు ఒంటికి సన్‌స్క్రీన్, దోమల మందు ఉండకూడదని చెప్పారు, అవి ఈ జీవులకి విషం.

మా ఆయనకి ఈత రాదు. లైఫ్ జాకెట్ బిగించుకుని నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి "నువ్వు దిగు, నేను చూస్తా" అన్నాడు. సరే అని దిగాను. కాళ్లాడిస్తుంటే నా చుట్టూ మసక వెలుగు, పక్కన ఒక చేప పోతే దాని దారి మొత్తం గీత గీసినట్టు కనిపించింది. అది చూసి ఆగలేక ఆయనా నిచ్చెన వదిలేశాడు. చివరికి పడవ ఎక్కడానికి అందర్లోకీ ఆలస్యం చేసింది ఆయనే, పడవాయన రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

ఫోన్ కెమెరాలో ఇదేమీ పడదు, ప్రయత్నం మానుకోండి.

సోమవారం, గ్వానికా

జనం అంతా వెళ్లిపోయాక లా పర్గెరా ఎంత బాగుందో. పొద్దున్నే గ్వానికా ఎండు అడవికి వెళ్లాం. ఎల్ యుంకే నుంచి ఇక్కడికి ఏకబిగిన వస్తే మూడు గంటలు పట్టదు, కానీ ఇక్కడ వాన ఏడాదికి 30 అంగుళాలే. ఈశాన్యం నుంచి వచ్చే గాలి తన నీళ్లన్నీ అటు యుంకే మీద, మధ్యలో కొండల మీద దింపేసుకుని ఇటు ఉత్త చేతులతో దిగుతుంది. అందుకని నాగజెముడు జాతి మొక్కలు, వంకర చెట్లు, కాళ్ల కింద కరకరలాడే సున్నపురాయి. గయాకాన్ అనే చెట్టు ఉంది, దాని కర్ర ఎంత బరువంటే నీళ్లలో వేస్తే మునుగుతుంది, ఒక ముసలి చెట్టు దగ్గరికి ప్రత్యేకంగా దారే ఉంది. ఈ అడవిని యునెస్కో 1981లో బయోస్ఫియర్ రిజర్వుగా గుర్తించింది. నీడ తక్కువ, ఎనిమిదింటికల్లా మొదలుపెట్టి పదిన్నరకి ముగించండి, నీళ్లు మోయగలిగినన్ని పట్టుకెళ్లండి.

ఈ తీరంలోనే గ్వాయనీయ దగ్గర సముద్రంలోకి తొంగిచూసే రాతి తోరణం ఒకటి ఉండేది, పుంతా వెంటానా. 2020 జనవరి 6 భూకంపానికి కూలిపోయింది, మర్నాడు 6.4 తీవ్రతతో ఇంకా పెద్దది వచ్చి గ్వానికాలో ఇళ్లు, ఒక బడి కూలాయి. ఇంకా తాళాలేసి పగుళ్లతో ఉన్న ఇళ్లు దారిలో కనిపించాయి.

మధ్యాహ్నం రొయ్యల మొఫోంగో తిన్నాం, వేయించిన అరటికాయని వెల్లుల్లితో రోట్లో దంచి ముద్ద చేస్తారు, ఒక్కటి తెప్పించుకుంటే ఇద్దరికి సరిపోతుంది, ఆ తర్వాత కదల్లేక బాల్కనీలో పడుకున్నాం.

మంగళవారం, తిరుగు ప్రయాణం

టోల్ రోడ్డు మీద శాన్ హువాన్‌కి రెండు గంటలు. విమానాశ్రయంలో చెకిన్ కంటే ముందే వ్యవసాయ శాఖ వాళ్ల స్కానర్‌లో సూట్‌కేసులు పెట్టాలి, మామిడి లాంటి కొన్ని పళ్లు బయటికి పోనివ్వరు, దీనికి అదనంగా అరగంట పెట్టుకోండి. వేయించిన కాఫీ గింజలకి అడ్డేమీ లేదు. ఉతువాడోలో కొన్న రెండు ప్యాకెట్లకి మా ఆయన పోన్సేలో ఇంకో మూడు చేర్చాడని అప్పుడే తెలిసింది, సూట్‌కేసు బరువు దాటింది, కౌంటర్ ముందే తెరిచి నా చేతి సంచీలోకి మార్చాం. గేటు దగ్గర కూర్చుని ఈసారి సేబా రేవు నుంచి వియేకెస్ ఫెర్రీ ఎక్కుదాం, మనిషికి రెండు డాలర్లే అని నేను, అక్కడ నీళ్లలో దిగనివ్వరుగా అని ఆయన. బోర్డింగ్ మొదలయ్యే దాకా అదే వాదన.